గోటి మీద నల్ల గీత: ఎప్పుడు అనుమానించాలి, ఎంతవరకు కోయాలి

గోరుచుట్టు లేస్తే వేలికి నిమ్మకాయ తొడగడం మన ఇళ్లలో పాత వైద్యం. వాపు, సలుపు, చీము, నాలుగు రోజుల్లో తగ్గిపోవడం అందరికీ తెలిసినవే. 1886లో ఇంగ్లండ్ సర్జన్ జొనాథన్ హచిన్సన్ ఇంకో రకం గోరుచుట్టు గురించి రాశాడు. అది తగ్గదు. గోరు చుట్టూ ఉన్న చర్మం అంచున నలుపు కనిపిస్తుంది. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే నల్ల గోరుచుట్టు. చూడ్డానికి గోరుచుట్టులా ఉన్నా అది మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. గోరు దాటి చుట్టూ చర్మం మీదికి పాకిన నలుపును డాక్టర్లు ఇప్పటికీ హచిన్సన్ గుర్తు అనే పిలుస్తారు.

ఇంత పాత సంగతి అయినా, ఈ జబ్బును గుర్తించేసరికి ఇప్పటికీ చాలామందిలో ఏళ్లు గడిచిపోతున్నాయి. నొప్పి ఉండదు, గోరు మీద ఒక గీత మాత్రమే ఉంటుంది. దెబ్బ అనుకుంటారు, ఫంగస్ అనుకుంటారు, వయసు వల్ల అనుకుంటారు. పైగా ఆ అనుకోవడం చాలాసార్లు నిజమే అవుతుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన చర్మం రంగు ఉన్నవాళ్లలో గోటి మీద కనిపించే నల్ల గీతల్లో ఎక్కువ భాగం ఏ హానీ చెయ్యవు. హాని చేసే ఆ ఒక్కటి వాటి మధ్యే దాక్కుంటుంది.

గీత ఎక్కడి నుంచి వస్తుంది

గోరు మనకు కనిపించే చోట పుట్టదు. గోరు మొదట్లో చర్మం మడత ఉంటుంది కదా, దాని కింద దాగిన మెత్తటి కణజాలంలో పుడుతుంది. దీన్ని ఇక్కడ గోరు మూలం అందాం. బొటనవేలి గోటి అడుగున తెల్లగా కనిపించే చంద్రవంక ఆ మూలంలో బయటికి కనిపించే కొస మాత్రమే. మూలంలోని కణాలు చచ్చి గట్టిపడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకొస్తే అదే గోరు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు అందులో సగమో, ఇంకా తక్కువో.

మూలంలో రంగునిచ్చే కణాలు కూడా ఉంటాయి. మామూలుగా అవి నిద్రపోతూ ఉంటాయి. వాటిలో కొన్ని మేల్కొని రంగు తయారు చేయడం మొదలుపెడితే, ఆ రంగు పెరుగుతున్న గోరులో కలిసిపోయి మొదలు నుంచి చివర దాకా నిలువు గీతగా సాగుతుంది. అంటే మనం చూసే గీత జబ్బు కాదు, జబ్బు ఉంటే దాని ఆనవాలు మాత్రమే. నల్లగా కనిపిస్తున్న గోరు ముక్కను కత్తిరించినా, మొత్తం గోరు ఊడబెరికినా మూలంలో ఉన్నది అక్కడే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, పరీక్ష ఎక్కడ చేయాలో, ఆపరేషన్ ఎందుకు అలా చేస్తారో సులువుగా అర్థమవుతుంది.

కణాలు ఎందుకు మేల్కొంటాయన్నదానికి జవాబులు చాలా ఉన్నాయి. చర్మం నలుపుగా ఉన్నవాళ్లలో వయసుతో పాటు అలా జరగడం సహజం. నల్లజాతి అమెరికన్లలో 50 ఏళ్లు దాటేసరికి దాదాపు అందరికీ ఏదో ఒక గోటి మీద గీత ఉంటుందని, జపాన్ వాళ్లలో 10 నుంచి 20 శాతం మందికి ఉంటుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. బిగుతు చెప్పులు రోజూ ఒరుసుకోవడం, గోళ్లు కొరికే అలవాటు, గర్భం కూడా కారణాలే. కీమో మందులు, రక్త జబ్బులకు వాడే హైడ్రాక్సీయూరియా, హెచ్‌ఐవీకి వాడే జైడోవుడిన్ వల్ల కూడా వస్తాయి. శాకాహారుల్లో తరచూ కనిపించే బీ12 లోపంలో గోళ్లతో పాటు వేళ్ల కణుపులూ నల్లబడతాయి. ఇలాంటివి సాధారణంగా చాలా గోళ్లకు ఒకేసారి వస్తాయి. ఒకే ఒక్క గోటికి, అందులోనూ బొటనవేలికో కాలి బొటనవేలికో, నడివయసు దాటాక కొత్తగా గీత వస్తే అప్పుడు ఆగి చూడాలి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. మెలనోమాల్లో గోటి మెలనోమా వాటా తెల్లవాళ్లలో ఒకటి నుంచి మూడు శాతం దాకానే ఉంటుంది. ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో ఆ వాటా చాలా పెద్దది. ఇది చూసి ఈ జబ్బు నల్లటి చర్మానికే ఎక్కువగా వస్తుందని కొందరు అనుకుంటారు. నిజానికి గోటి మెలనోమా ఏ జాతిలోనైనా అరుదే, దాదాపు ఒకే స్థాయిలో అరుదు. ఎండ వల్ల వచ్చే మామూలు చర్మ మెలనోమా మనకు చాలా తక్కువ కాబట్టి, మిగిలిన కొద్దిపాటి కేసుల్లో గోళ్లవీ అరికాళ్లవీ పెద్ద భాగంగా కనిపిస్తాయి, అంతే. ఎండ గోరును దాటి మూలం దాకా పెద్దగా చేరదు. అందుకే సన్‌స్క్రీన్ మాటలు ఈ జబ్బు దగ్గర పనిచేయవు.

దెబ్బ అనే మాయ

గోరుచుట్టు మీద రోకటి పోటు అని ఊరికే అనలేదు. బాధ ఉన్న వేలికే దెబ్బలూ తగులుతున్నట్టు మనకు అనిపిస్తుంది. పొలంలో రాయి తగిలిందనో, తలుపు సందులో వేలు పడిందనో, నల్లబడిన ప్రతి గోటికీ ఒక జ్ఞాపకం దొరుకుతుంది. ఆ జ్ఞాపకం అబద్ధం కాకపోవచ్చు. కానీ అది కారణమని నమ్మేస్తే నెలలు గడిచిపోతాయి.

నెత్తురు గడ్డకట్టిందా, రంగు కణాలా అని తేల్చుకోవడానికి గోరు పెరుగుదలే మంచి సాక్షి. గడ్డకట్టిన నెత్తురు గోరుతో పాటు ముందుకు కదులుతుంది, వెనక నుంచి శుభ్రమైన గోరు వస్తుంది. చర్మ వైద్యులు మరక వెనక అంచు దగ్గర గోటి మీద చిన్న గాటు పెట్టి, కొన్ని వారాల తర్వాత చూస్తారు. మరక గాటుతో పాటు కదిలితే నెత్తురు. గాటు ముందుకు పోయినా నలుపు మొదట్లోనే ఉంటే, మూలంలో రంగు ఇంకా తయారవుతోందన్నమాట. ఒక్క జాగ్రత్త: క్యాన్సర్ ఉన్న చోట కూడా నెత్తురు కారవచ్చు. కాబట్టి నెత్తురు కనిపించింది కదా అని అక్కడితో ఆగకూడదు.

గోరింటాకు, జుట్టుకు వేసే రంగు లాంటివి బయటి మరకలు. అవి గోరు పైనే ఉంటాయి, గీకితే కొంత పోతాయి, పెరిగే కొద్దీ ముందుకు జరుగుతాయి. వాటి వెనక అంచు గోరు మొదలు వంపు లాగే వంగి ఉంటుంది. ఫంగస్ కూడా గోరును నల్లగా చేయగలదు. కానీ గోరు ముక్క పరీక్ష చేయకుండానే ఫంగస్ అని ఆరేడు నెలలు మందులు మింగించడం నాకు అస్సలు నచ్చని సంగతి. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు, నొప్పీ లేదు.

డాక్టర్ ఏం చూస్తారు

2000లో అమెరికాలో చర్మ వైద్యులు గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లిష్ అక్షరమాల మొదటి ఆరు అక్షరాలతో ఒక పట్టిక తయారు చేశారు. వయసు 50 నుంచి 70 మధ్య ఉండటం, గీత వెడల్పు 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి అంచులు మసకగా ఉండటం, గీత మారుతూ ఉండటం, బొటనవేలు లాంటి ఒకే వేలు కావడం, నలుపు చర్మం మీదికి పాకడం, ఇంట్లోనో తమకో ఇంతకుముందు మెలనోమా వచ్చి ఉండటం అందులోవి. పట్టిక మంచిదే. కాకపోతే అందులో ఆసియావాసి కావడం కూడా ఒక అంశం, అంటే మనమంతా ఒక మార్కుతోనే మొదలవుతాం. హచిన్సన్ గుర్తు కూడా మన దగ్గర కొంచెం మోసం చేస్తుంది. చాలామందికి గోరు మొదటి చర్మం పుట్టుకతోనే నల్లగా ఉంటుంది. ఇంకొందరిలో కింద ఉన్న గీత పల్చటి చర్మం గుండా కనిపిస్తుంది. పక్క వేళ్లతో పోల్చకుండా ఏదీ తేల్చలేం.

వీటన్నిటిలో నేను ఎక్కువ విలువిచ్చేది మార్పుకే. గీత వెడల్పవుతోందా? ఒకే రంగుగా ఉన్నది రెండు మూడు రంగులుగా మారిందా? గోరు మొదట్లో వెడల్పుగా, చివర సన్నగా త్రికోణంలా ఉందా? త్రికోణానికి ప్రత్యేకమైన అర్థం ఉంది. చివర ఉన్న గోరు కొన్ని నెలల క్రితం పుట్టింది, మొదట్లో ఉన్నది ఈ మధ్య పుట్టింది. మొదట్లో వెడల్పుగా ఉందంటే మూలంలోని మచ్చ ఈ నెలల్లో పెరిగిందన్నమాట. గోరు తన చరిత్రను తనే రాసుకుంటుంది. నెలకోసారి అదే వెలుతురులో, పక్కన చిన్న స్కేలు పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకుంటే డాక్టర్‌కు అంతకన్నా మంచి ఆధారం ఉండదు. నెయిల్ పాలిష్ ఎప్పుడూ వేసుకునేవాళ్లు కనీసం నెలకోసారి అది తీసి గోళ్లను చూసుకోవాలి.

క్లినిక్‌లో డెర్మోస్కోప్ అనే చేతి పరికరంతో గోరును పెద్దదిగా చేసి చూస్తారు. బూడిద రంగులో సన్నటి గీతలు సమంగా ఉంటే మామూలుగా కణాలు మేల్కొన్న గుర్తు. గోధుమ రంగు నేపథ్యం మీద సమాంతరంగా, సమాన దూరంలో ఉంటే పుట్టుమచ్చ కావచ్చు. రంగు, మందం, ఎడం ఒక్కో గీతకు ఒక్కోలా ఉండి, గీతలు సమాంతరం తప్పితే అనుమానం బలపడుతుంది. గోరు కొసను ఎదురుగా పెట్టి చూడటం ఇంకో మంచి పద్ధతి. మూలంలో వెనక భాగం గోరు పై పొరను, ముందు భాగం కింది పొరను తయారు చేస్తాయి. కొసలో రంగు ఏ పొరలో ఉందో చూస్తే, మూలంలో ఎక్కడ ముక్క తీయాలో ముందే తెలిసిపోతుంది.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. చిన్నపిల్లల గోళ్ల మీద వచ్చే గీతలు చూడ్డానికి భయపెట్టినా దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేనివే. వాళ్ల విషయంలో తొందరపడి కోయకుండా గమనిస్తూ ఉండటమే సరి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది రెండోది: గోటి మెలనోమాల్లో సుమారు నాలుగో వంతుకు నలుపే ఉండదు. ఎర్రటి కండలా, నెత్తురు కారే పుండులా, మాంసంలోకి దిగిన గోరులా కనిపిస్తుంది. నెలల తరబడి మానని పుండును, మళ్లీ మళ్లీ కాల్చినా తిరిగొచ్చే కండను పరీక్షకు పంపకుండా పారేయకూడదు.

ముక్క తీయడం

అనుమానం మిగిలితే దాన్ని తీర్చేది బయాప్సీ ఒక్కటే. కత్తి పెడితే పాకుతుంది అన్న భయం మన ఊళ్లలో ఎంత గట్టిగా నాటుకుపోయిందో నాకు తెలుసు. అది నిజం కాదు. ముక్క తీయడం వల్ల మెలనోమా పాకదు. తీయకుండా వదిలేసిన కాలంలోనే అది లోతుకు దిగుతుంది.

అయితే ఎక్కడ తీశారన్నదే ముఖ్యం. వేలు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు, నెత్తురు అడ్డుపడకుండా వేలి మొదట్లో రబ్బరు పట్టీ బిగిస్తారు. గోరు మొదటి చర్మానికి రెండు మూలల్లో ఏటవాలుగా చిన్న గాట్లు పెట్టి దాన్ని వెనక్కి మడుస్తారు. గోరును పూర్తిగా పీకకుండా, తలుపు తెరిచినట్టు ఒక పక్కకు ఎత్తుతారు. అప్పుడు మూలం, అందులో గీత పుట్టే నల్లటి చోటు కంటికి కనిపిస్తాయి. పొడవు గీత వెనక ఉన్న మచ్చ ఒక్కోసారి బియ్యపు గింజంత కూడా ఉండదు. దాన్ని చుట్టూ కొంచెం అంచుతో, ఒక మిల్లీమీటరు కన్నా పల్చటి పొరగా చెక్కి తీస్తారు. లోతుగా కోసి తీస్తే గోరు జీవితాంతం చీలికతో పెరిగే అవకాశం ఉంది. పల్చగా చెక్కితే మచ్చంతా వస్తుంది, గోరు కూడా చాలావరకు మామూలుగా పెరుగుతుంది. చెక్కిన పొర ముడుచుకుపోకుండా కాగితం మీద పరిచి, ఏ వైపు ఏదో గీసి ల్యాబ్‌కు పంపుతారు. గోరును తిరిగి కప్పి కుట్టేస్తారు. గోరు చివర కనిపించే నలుపు దగ్గర ముక్క తీస్తే రిపోర్ట్ శుభ్రంగా రావచ్చు, జబ్బు మూలంలో ఉండిపోవచ్చు. అందుకే రిపోర్ట్ చేతికొచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ముక్క మూలం నుంచి తీశారా?

ల్యాబ్‌లో ఇంకో చిక్కు ఎదురవుతుంది. తొలి దశ మెలనోమాను ఇన్ సిటు అంటారు, అంటే చెడ్డ కణాలు పై పొర దాటి ఇంకా కిందికి దిగలేదు. మరీ తొలి దశలో అవి మామూలుగా మేల్కొన్న కణాల లాగే ఉంటాయి, సంఖ్యలో కాస్త ఎక్కువ, వరుసలో కాస్త చెదిరి. రంగు కణాలను ఎత్తి చూపే మెలన్-ఏ, హెచ్ఎంబీ-45, ప్రేమ్ లాంటి ప్రత్యేక రంగులద్ది, ఒక మిల్లీమీటరు పొడవులో ఎన్ని కణాలున్నాయో లెక్కపెడతారు. అంత చేసినా కొన్నిసార్లు ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చెబుతారు. రోగి వయసు, గీత ఫొటోలు, డెర్మోస్కోప్ బొమ్మలు పక్కన పెట్టుకుని చూస్తేనే స్పష్టత వస్తుంది. స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మెలు) తీసుకుని రెండో అభిప్రాయం అడగడం డాక్టర్‌ను అవమానించడం కాదు. ఈ జబ్బులో అది మంచి వైద్యంలో భాగం.

వేలు తీయాలా

జమైకా గాయకుడు బాబ్ మార్లే బొమ్మ ఉన్న టీషర్ట్ మన ఊళ్లలో కూడా కనిపిస్తుంది. 1977లో ఆయన కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా బయటపడింది. ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బ అని మొదట అనుకున్నారు. వేలు తీసేయమని డాక్టర్లు సలహా ఇచ్చారు. శరీరంలో ఏదీ కోల్పోకూడదన్న రస్తాఫారీ (జమైకాలో పుట్టిన ఒక మతం) విశ్వాసంతో ఆయన ఒప్పుకోలేదు. గోరు, దాని కింది కణజాలం మాత్రం తీసి, తొడ చర్మం అతికారు. 1980లో క్యాన్సర్ శరీరమంతా పాకిందని తెలిసింది. 1981 మే 11న మయామీలో చనిపోయాడు. అప్పటికి 36 ఏళ్లు.

ఈ కథను వేలు తీయించుకుని ఉంటే బతికేవాడన్న ఒక్క మాటతో ముగించేస్తుంటారు. అది తొందరపాటు. ఆయనకు చేసిన ఆపరేషన్ లాంటిదే, ఇంకా శ్రద్ధగా, ఈ రోజు తొలి దశ రోగులకు సరైన వైద్యంగా చేస్తున్నారు. తేడా ఆపరేషన్ పేరులో లేదు, జబ్బు ఏ దశలో దొరికిందన్నదాంట్లో ఉంది. పైగా లోతుకు దిగిన మెలనోమాలో వేలును ఇంకా పైకి కోసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని అనుభవం మీద తెలిసింది. ఒకప్పుడు అరచేతి దాకా వేలు తీసేసేవారు. తర్వాత చివరి కణుపు వరకే తీయడం మొదలైంది. ఇప్పుడు ఇన్ సిటు దశలో ఎముకను ముట్టుకోకుండా గోటి వ్యవస్థ మొత్తాన్ని తీసేస్తే చాలన్న ఒప్పందం బలంగా ఉంది.

పాత సర్జన్లను తప్పుపట్టడం న్యాయం కాదు. గోటి కింద కొవ్వు పొర ఉండదు. మూలానికి, ఎముకకు మధ్య దూరం సుమారు ఒక మిల్లీమీటరు. క్యాన్సర్ దిగడానికి అంత తక్కువ చోటు ఉన్నప్పుడు ఎముకతో సహా తీయాలనిపించడం సహజం. పై పొరలోనే ఉన్న జబ్బుకు మాత్రం ఆ మిల్లీమీటరు చాలు.

ఆపరేషన్‌లో గోరు, మూలం, గోటి కింది కండ, చుట్టూ ఉన్న చర్మం మడతలు, అన్నీ కలిపి ఒకే ముక్కగా తీస్తారు. నలుపు కనిపించినంత మేరే కాకుండా గోటి వ్యవస్థ అంచుల నుంచి 5 నుంచి 10 మిల్లీమీటర్లు అదనంగా, కింద ఎముక మీది పొర దాకా. వెనక వైపు చాలా నేర్పు కావాలి. వేలి కొసను పైకి లేపే స్నాయువు మూలానికి ఒక మిల్లీమీటరు పైచిలుకు దూరంలోనే ఎముకకు అతుక్కుని ఉంటుంది. అది తెగితే వేలి కొస వాలిపోతుంది. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్ట్ వచ్చాకే గాయం పూర్తిగా కప్పడం మంచి పద్ధతి. కొన్ని రోజులు కట్టుతో ఆగి, తర్వాత గజ్జల దగ్గర నుంచో చేయి లోపలి వైపు నుంచో చర్మం తీసి అతుకుతారు. కొందరికి దానంతట అదే మానేలా వదిలేస్తారు. కొన్ని వారాలు పడుతుంది, ఫలితం ఊహించినదానికన్నా బాగుంటుంది.

పై పొర దాటి లోపలికి దిగితే లెక్క మారుతుంది. లోతు 0.8 మిల్లీమీటర్లు దాటిందంటే క్యాన్సర్ పాకితే ముందుగా చేరే లింఫ్ గ్రంథిని చంకలోనో గజ్జల్లోనో తీసి చూడటం గురించి మాట్లాడతారు. ఎముకకు అంటితే వేలి కొస తీయక తప్పదు. లోపలికి దిగినా ఎముకకు అంటని జబ్బులో వేలును కాపాడవచ్చా అన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న. జపాన్‌లో 2017లో అందుకోసమే జే-నెయిల్ పేరుతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు.

ఇన్ సిటు దశలో పూర్తిగా తీసేసినవాళ్లకు ప్రాణభయం దాదాపు లేదు. కీమో, రేడియేషన్ అక్కర్లేదు. కానీ గోరు మళ్లీ రాదు, ఈ మాట ఆపరేషన్‌కు ముందే సూటిగా చెప్పాలి. బొటనవేలికి గోరు లేకపోతే నేల మీద పడిన నాణెం తీయడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, వెల్లుల్లి పొట్టు వలవడం మొదట్లో కష్టమే. చలికి వేలు జివ్వుమంటుంది, తగిలితే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నెలలు గడిచే కొద్దీ అతికిన చర్మం గట్టిపడి, వేలు తన పని తాను నేర్చుకుంటుంది.

కొందరికి ఏడాదిలోపు అతుకు మూలన ముల్లులా చిన్న గోరు ముక్క పొడుచుకొస్తుంది. జబ్బు తిరగబెట్టిందని చాలా టెన్షన్ పడతారు. ఎక్కువసార్లు అది మూలం రెండు పక్కలా కొమ్ముల్లా వెనక్కి వంగి ఉండే భాగంలో మిగిలిపోయిన చిన్న తునక మాత్రమే. అయినా ఇంట్లో బ్లేడుతో గీకేయకూడదు. మూలం మిగిలిన చోట రంగు కణాలు కూడా మిగిలి ఉండొచ్చు కాబట్టి, సర్జన్ దాన్ని తీసి మళ్లీ ల్యాబ్‌కు పంపుతారు.